అంచు దొరకని దుప్పటి

చుట్టూ ఎలాస్టిక్ కుట్టిన దుప్పటిని మడతపెట్టడం కుదరదు. ఓపిక లేక అంటున్న మాట కాదు, ప్రయత్నించి అంటున్నాను. నేను చదివింది మెకానికల్. ఇనుప రేకును ఎక్కడ వంచితే ఎక్కడ లేస్తుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. అయినా మొన్న ఆదివారం పొద్దున, హన్మకొండలో మేము అద్దెకుంటున్న ఇంట్లో, మంచం పక్కన నిలబడి ఒక గుడ్డతో చాలాసేపు కుస్తీ పట్టి ఓడిపోయాను.

ఫోనులో ఒకావిడ నవ్వుతూ చేసి చూపించినట్టే చేశాను. మూలలోకి మూల దోపాను. ఒక పక్క మడిచాను, రెండో పక్క మడిచాను. ఆవిడ చేతిలో అది పుస్తకంలా తయారైంది. నా చేతిలో క్యాబేజీలా తయారైంది. సరే, మడత మానేసి పరుపుకే తొడిగేద్దామనుకుంటే, ఒక్కసారి ఉతికేసరికి అది కాస్త కుంచించుకుపోయింది. తలవైపు రెండు మూలలూ ఎక్కిస్తే కాళ్లవైపు మూల ఊడి ఎగురుతుంది. అది ఎక్కించి వచ్చేసరికి తలవైపుది వచ్చేస్తుంది.

"గుండ్రంగ చుట్టి అల్మారాల పడెయ్యరాదు? ఎవరొచ్చి చూస్తాండ్రు?" అంది నా భార్య వంటింట్లోంచి.

"అసలు దీనికి అంచెక్కడున్నది?" అన్నాను.

ఆమె పట్టించుకోలేదు. నేను మాత్రం ఆ గుడ్డను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో వినపడింది అంచు అనే ఆ ఒక్క మాటే.

అప్పుడు మేము కాశిబుగ్గలో ఉండేవాళ్లం. ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో తాత దుప్పట్లు, జంపఖానాలు, తువ్వాళ్లు అమ్మేవాడు. అన్నీ మా చుట్టుపక్కల మగ్గాల మీద నేసినవే. పక్క గల్లీలోంచి మగ్గాల చప్పుడు పొద్దంతా వస్తూనే ఉండేది. అది ఆగితే కరెంటు పోయినట్టుగా అందరం తలెత్తి చూసేవాళ్లం. మా ఇంట్లో దుప్పటిని చద్దరు అనేవారు, దిండును మెత్త అనేవారు. దుప్పటి అనే మాట నేను బడిలో నేర్చుకున్నాను.

దుకాణానికి వచ్చినవాళ్లు రంగు చూస్తారు, పువ్వు చూస్తారు. తాత ఆ చద్దరును వాళ్ల చేతుల్లోంచి తీసుకుని, పక్క అంచును వాళ్ల రెండు వేళ్ల మధ్య పెట్టేవాడు.

"రంగు జూసి మోసపోతవమ్మా. అంచు వట్టి చూడు. అంచు గట్టిగుంటె చద్దరు గట్టిగుంటది."

మగ్గం మీద పోగు చివరిదాకా వెళ్లి వెనక్కి మళ్లే చోటు అంచు. కత్తిరించి మడిచి కుట్టింది కాదు. నేసిన మనిషి చెయ్యి ఎలాంటిదో అక్కడ తెలిసిపోతుందని తాత అనేవాడు. రోజంతా ఆ మాటే. ఎవరైనా బంధువు కొత్త చొక్కా వేసుకుని వచ్చినా, పలకరింపు కన్నా ముందు తాత వేళ్లు దాని కొస దగ్గరికి పోయేవి.

ఇంకొకటి చెప్పాలి. మా దగ్గరి మగ్గాలు చిన్నవి. నేసే మనిషి రెండు చేతులకు అందినంతే గుడ్డ వెడల్పు. ఆ వెడల్పును పన్నా అంటారు. పెద్ద మంచానికి ఒక పన్నా చాలదు. అందుకని రెండు పన్నాలను పక్కపక్కన పెట్టి, అంచు మీద అంచు వేసి కలిపి కుట్టేవారు. ఆ కుట్టు చద్దరుకు సరిగ్గా నడుమన, తల నుంచి కాళ్ల దాకా పోయేది. తాతకు అదంటే గర్వం. "నడుమ కుట్టు లేకుంటె అది మగ్గం చద్దరే గాదు," అనేవాడు. వెడల్పాటి మిల్లు చద్దర్లు మార్కెట్‌ నిండా వచ్చాక కూడా మా గడప లోపలికి ఒక్కటి రానివ్వలేదు. "గవి గుడ్డలా? కాయితాలు," అని తీసిపారేసేవాడు.

ఇంట్లో పక్కలన్నీ నానమ్మ అధీనంలో ఉండేవి. పక్క ఎత్తకుండా పళ్లు తోముకోవడానికి వీల్లేదు. చద్దరు దులపాలి, కానీ ఇంట్లో కాదు, వాకిట్లో. తలవైపు, కాళ్లవైపు తారుమారు కాకూడదు. అందుకోసం ప్రతి చద్దరుకూ తలవైపు మూలన ఎర్రదారంతో చిన్న గుర్తు కుట్టేది. గుర్తు చూడకుండా పరిచామా, ఇక అయిపోయామన్నమాటే.

"కాళ్లు వెట్టిన కాడ ముఖం వెట్టుకుంటావురా? ఏం చదువుతాన్నవ్ నువ్వు బడిల?"

అన్నం వార్చిన గంజిలో చద్దర్లు ముంచి దాబా మీద ఆరేసేది. ఆరాక అవి అప్పడాల్లా పెళపెళలాడేవి. మడిచి కలరా ఉండలు వేసిన పెట్టెలో పెట్టేది. గంజి వాసన, ఆ ఉండల ఘాటు కలిసి ఒక వాసన ఉంటుంది. పెట్టె మూత తీస్తే తుమ్ము వచ్చేది. మడత పెట్టడానికి ఒక కొస ఆమె, ఒక కొస నేను. ఇద్దరం వెనక్కి వంగి లాగుతాం. సరిగ్గా ఆమె బలంగా లాగే సమయానికి నేను వదిలేసేవాణ్ణి. ఆమె తూలి గోడకు ఆనుకుని, "నీ చేతులిరగ!" అని తిట్టి, మళ్లీ కొస అందించేది.

ఆ ఎండాకాలం మొదట్లో తాతకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపారు. ఆటో దిగి ఇంట్లోకి తెస్తుండగా తాత నా వైపు చూసి నోరు తెరిచాడు. నా పేరు వస్తుందనుకున్నాను.

"అంచు," అన్నాడు.

పోయిన మాటలన్నిట్లోకీ అదొక్కటే మిగిలింది. నీళ్లు అనలేడు. నొప్పి అనలేడు. నానమ్మను పిలవలేడు. అంచు అని మాత్రం, ఏ తడబాటూ లేకుండా, దుకాణంలో అన్నంత స్పష్టంగా అనేవాడు.

దవాఖాన నుంచి ఒక సిస్టరమ్మ అప్పుడప్పుడూ వచ్చి చూసి పోయేది. మొదటిరోజే నానమ్మను మంచం దగ్గర నిలబెట్టి చెప్పింది. పొద్దున, సాయంత్రం చద్దరు మార్చాలి. ఒకే పక్క ఎక్కువసేపు ఉంచొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, చద్దరుకు ముడత ఉండొద్దు.

"ఒక్క ముడత సాలమ్మా. వీపు కింద వడ్డదంటె తోలు కమిలిపోతది. పుండయితది. ఒక్కసారి పుండయ్యిందంటె ఈ వయసుల మానుడు కష్టం. పానం మీదికొస్తది. జర పైలం."

మనిషి పడుకుని ఉండగా చద్దరు మార్చడం ఇద్దరి పని. బాపుకు, అంటే మా నాన్నకు, దుకాణం ఉంది. అమ్మ చంకలో చెల్లె ఉంది, పొయ్యి మీద వంట ఉంది. బడికి సెలవులు కాబట్టి రెండో కొస నాకు పడింది. పద్ధతి చెబుతాను. ముందు తాతను ఒక పక్కకు ఒత్తిగిల్లించాలి. భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి పడిపోకుండా నేను పట్టుకోవాలి. పాత చద్దరును నానమ్మ చుట్ట చుట్టి ఆయన వీపు దాకా తెస్తుంది. దాని పక్కనే కొత్త చద్దరును సగం పరిచి, మిగతా సగం చుట్ట చుట్టి ఉంచుతుంది. తరువాత ఆయన్ను రెండు చుట్టలూ దాటించి నానమ్మ వైపుకు తిప్పాలి. అప్పుడు నేను నా వైపునుంచి పాతది లాగేసి కొత్తది పరిచి, గుంజి, పరుపు కిందికి దోపాలి. వినడానికి సులువు. తాత పొడగరి. నేను ఆరో తరగతి దాటని బక్కోణ్ణి. పైగా సాయంత్రం చద్దరు మార్చే సమయం, గల్లీలో పిల్లలంతా క్రికెట్‌కు పిలిచే సమయం ఒక్కటే.

"గుంజురా! అన్నం తినలేదా?"

"గుంజిన నానమ్మా!"

"గుంజితె గిట్లెందుకుంటది? మల్ల తియ్యి."

కిటికీ అవతల ఎవరో సిక్సు కొట్టేవారు. లోపల నేను మళ్లీ తీసేవాణ్ణి.

నానమ్మ చెయ్యి ఒకసారి ముడత ఉందంటుంది, ఒకసారి లేదంటుంది. ఇలా కాదని నేనొక పరీక్ష పెట్టాను. చద్దరు పరిచాక, తాతను మధ్యకు తెచ్చేలోపు, గోలీని పరుపు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు దొర్లించేవాణ్ణి. ముడత ఉంటే పక్కకు మళ్లుతుంది. లేకుంటే తిన్నగా పోతుంది. నడుమ కుట్టు దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోయేది. వేలితో దాన్ని కుట్టు దాటించి, అవతల మళ్లీ వదిలేవాణ్ణి. నానమ్మ కూడా చూస్తూనే ఉండేది. కుట్టును ముడత అని మా ఇంట్లో ఎవరంటారు? కుట్టంటే కుట్టే.

ఇంత చేసినా, కొన్నాళ్లకు తాత వీపు మీద ఎర్రటి చార తేలింది. వెన్ను పొడవునా సన్నగా, నడుము దగ్గర మరీ ముదురుగా. సిస్టరమ్మ వేలితో నొక్కి చూసింది. నొక్కినా ఎరుపు పోలేదు.

"ముడత వడ్తాంది. నేను చెప్పిన గదా?"

నానమ్మ నా వైపు చూసింది. బాపు నా వైపు చూశాడు. చంకలో చెల్లె కూడా నా వైపే చూసింది.

"నేను మంచిగనే గుంజిన!" అన్నాను.

"మనసు ఆట మీదుంటె చేతులకు బలమెక్కడ్నుంచొస్తది?" అన్నాడు బాపు.

గోలీ తిన్నగా పోయిందని ఎవరికి చెప్పాలి?

తాతేమో ఆ మాటే అంటున్నాడు. పడుకోబెట్టగానే "అంచు". కాసేపటికి ఎడమ చేత్తో పరుపును కొడుతూ "అంచు, అంచు". ముఖం నొప్పిగా పెట్టి, కళ్లలో నీళ్లు పెట్టి "అంచు". ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పారు.

బాపు తేల్చిందేమిటంటే, తాతకు దుకాణం మీద బెంగ. కొత్తగా వచ్చిన మాలు నాలుగైదు చద్దర్లు మోసుకొచ్చి మంచం మీద పరిచాడు. "నాయినా, దుకాణం ఫికర్ వెట్టుకోకు. అన్ని నేను చూసుకుంటాన. ఇగో చూడు, అంచు మంచిగనే ఉన్నది." తాత ఎడమ చేత్తో వాటిని తోసేశాడు. నేను అప్పుడే పరిచిన పక్క అంతా చెదిరింది. మళ్లీ మొదటినుంచి.

నానమ్మ లెక్క వేరు. చద్దరు రెండు పక్కలా సమానంగా వేలాడటం లేదని ఆయన బాధ అంది. "జిందగీల వంకర చద్దరు మీద వండలే మీ తాత." దుకాణంలో గుడ్డ కొలిచే ఇనుప కడ్డీ తెప్పించింది. నేను అటు కొలవడం, ఇటు కొలవడం, సరిచేయడం. రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదని తేలాక తాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అంచు," అన్నాడు.

తరువాత నర్సంపేట నుంచి, మా దుకాణంలో కొనే పాత గిరాకీ ఒకాయన చూడటానికి వచ్చాడు. బత్తాయిల సంచీ నా చేతిలో పెట్టి, వద్దు వద్దంటున్నా మంచం మీదే చతికిలబడ్డాడు. "సావుకారీ! గిట్లయితివేంది? కుర్సీల కూసుంటె పులి లెక్కుంటుండె!" ఆయన బరువుకు చద్దరు ఆ పక్కకు జారింది. నేను పళ్లు నూరుతూ నిలబడ్డాను.

"అంచు," అన్నాడు తాత.

"అగో! అంచుకున్న అంటాండు. కింద పడ్తనని భయపడ్తాండు. మీకు సమజయితలేదా? మంచం గోడకు జరుపుండ్రి."

జరిపారు. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నా వైపు చద్దరు దోపాలంటే గోడకూ మంచానికీ మధ్య మోచెయ్యి ఇరికించి దోపాలి. రెండు మోచేతులూ గీరుకుపోయాయి. అంచు మాత్రం ఆగలేదు. చార ముదురుతోంది. నానమ్మ అన్నం కంచం ముందు పెట్టుకుని కూడా పరధ్యానంగా ఉండేది. పుండు అనే మాట ఇంట్లో ఎవరూ పైకి అనడం మానేశారు.

ఒక మధ్యాహ్నం తాతకు గడ్డం గీయడానికి ఒకాయన వచ్చాడు. బాపూ ఆయనా కలిసి తాతను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. మంచం ఖాళీ అయింది. ఇంట్లో బాగా తిరిగే ఫ్యాను దాని మీదే ఉంది. అమ్మ అప్పుడే సర్వపిండి చేసింది. నువ్వులూ శనగపప్పూ మాడిన వాసన ఇల్లంతా పట్టింది. నేను గుండ్రటి ముక్క ఒకటి తీసుకుని, ఎండకు చొక్కా లేకుండా, అప్పుడే పరిచిన తాత పక్క మీద వెల్లకిలా పడుకున్నాను. పక్క మీద తినడం నేరం. తాత పక్క మీద తినడం ఎంత నేరమో ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే రుచిగా ఉంది.

ముక్క అయిపోయేదాకా బాగానే ఉంది. తరువాత వీపు కింద ఏదో గుచ్చుకుంటోంది. సర్వపిండి తునక పడిందనుకుని తడిమాను. లేదు. అటు జరిగాను. పరుపు ఏళ్లుగా నడుమ పల్లమై ఉంది, మళ్లీ జారి అక్కడికే వచ్చాను. గంజి పట్టి ఎండిన కుట్టు, రెండు గట్టి అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పుల్లలాగా నా వెన్ను కింద ఉంది.

వరండాలో సగం ముఖానికి సబ్బు నురగతో తాత తలుపులోంచి నన్నే చూస్తున్నాడు.

"అంచు!" అన్నాడు. ఎడమ చేత్తో కుర్చీని కొట్టాడు. "అంచు! అంచు!"

తిట్టాడనుకుని దూకి లేచాను. అదే సమయానికి నానమ్మ లోపలికి వచ్చింది. చేతిలో తినే ముక్క లేదు కాబట్టి ధైర్యంగా నిలబడ్డాను. ఆమె నన్ను తిట్టబోయి ఆగింది.

"ఇటు తిరుగు."

తిరిగాను. మెడ కింది నుంచి నడుము దాకా నా వీపు మీద వేలితో ఒక గీత గీసింది.

"ఏంది నానమ్మా?"

"నీకు గూడ చార వడ్డది."

మంచం దగ్గరికి వెళ్లి అరచెయ్యి చద్దరు మీద వేసింది. పక్క నుంచి నెమ్మదిగా జరుపుతూ వచ్చి నడుమ ఆపింది. ఆ కుట్టు మీద ఆ చెయ్యి అంతకుముందు ఎన్నివేల సార్లు పోయిందో.

"ముడత లేదు, ముడత లేదనుకుంట, కుట్టు మీద వండవెట్టినం గదరా," అంది. మంచం పట్టె మీద కూలబడింది. "మన అంచే ఆయన వీపు కోస్తాంటె, మనం కడ్డీ వట్టుకొని పక్కలు కొలుస్తానం."

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. బాపు ఆ సాయంత్రమే మార్కెట్‌కు వెళ్లి ఒక మిల్లు చద్దరు తెచ్చాడు. ఒకటే పన్నా, కుట్టు లేదు, గులాబీ పూలు. దొంగసొత్తులా కాగితంలో చుట్టి వెనక తలుపులోంచి తెచ్చాడు. పరిచాం. నా గోలీ మొదటిసారి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆగకుండా దొర్లింది. తాతను పడుకోబెట్టగానే ఆయన ఎడమ చెయ్యి పక్కకు పోయింది. మిషను మీద మడిచి కుట్టిన కొసను వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు. ముఖం మారిపోయింది.

"అంచు. అంచు. అంచు!"

ఎడమ చేత్తో లాగాడు, ఎడమ కాలితో తన్నాడు. మేము చూస్తుండగానే ఆ చద్దరంతా ఆయన నడుము కింద ముద్దగా చేరింది. ఉన్నదంతా ముడతలే.

"ఈయనతోని నాతోని గాదు," అన్నాడు బాపు. "కుట్టున్నా అంచే, లేకున్నా అంచే. పానం ముఖ్యమా, పంతం ముఖ్యమా?"

"లగ్గమైన కాన్నుంచి నేను వేగుతలేనా? నువ్వు ఒక్క పూటకే పరేశానయితివి," అంది నానమ్మ.

అప్పటికి నాకు ఎంత విసుగు వచ్చిందంటే, సుద్దముక్క తీసుకుని నేల మీద మంచం గీసి చూపించాను. రెండు పన్నాలు కలిపి కుట్టబట్టే కదా కుట్టు నడుమకు వచ్చింది. ఒక పన్నాను అలాగే నడుమ ఉంచి, రెండోదాన్ని నిలువుగా కోసి, సగం అటూ సగం ఇటూ కలిపి కుడితే? కుట్లు రెండవుతాయి, కానీ చేతుల అవతలికి పోతాయి. వీపు కింద గుడ్డ తప్ప ఏమీ ఉండదు.

"కోసుడా?" అన్నాడు బాపు గొంతు తగ్గించి. "నిలువుగనా? నాయిన ముంగటనా?"

మగ్గం గుడ్డను నిలువుగా కోస్తే పోగులన్నీ తెగుతాయి. కుట్టు నిలవాలంటే అంచు మీద అంచే పడాలి కాబట్టి తెగిన వైపు బయటికి వస్తుంది. అటువైపు ఇక అంచు ఉండదు, మడిచి కుట్టిన కొసే ఉంటుంది. మా దుకాణంలో ఆ పని ఎవరూ ఎన్నడూ చేయలేదు. నానమ్మ ఒక మగ్గం చద్దరు తీసి బ్లేడుతో నడుమ కుట్టు విప్పింది. తరువాత పెద్ద కత్తెర తెచ్చుకుని, తాతకు కనబడేలా నేల మీదే కూర్చుంది. నేను ఇనుప కడ్డీ పెట్టి గీత గీశాను. కత్తెర కరకరమని నడుస్తుంటే తాత కళ్లు మూసుకున్నాడు. కత్తెర ఆగేదాకా తెరవలేదు.

మర్నాడు మిషను మీద కుట్టించి, గంజి పెట్టకుండా ఉతికి ఆరేసి, పరిచాం. నానమ్మ ఎర్రదారం గుర్తు కొత్తగా వేసింది. తాతను తిప్పి పడుకోబెట్టాం. నేను, నానమ్మ, బాపు, చెల్లెను ఎత్తుకుని అమ్మ, అందరం మంచం దగ్గర నిలబడ్డాం. తాత ఎడమ చెయ్యి కదిలింది. పక్కకు పోయింది. కొత్త కుట్టు దొరికింది. దాన్ని దాటి కోసిన కొస దాకా పోయింది. వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

"అంచు," అన్నాడు.

నేను గోలీని కిటికీలోంచి బయటికి విసిరేశాను. "ఇగ నాతోని గాదు! మీరే గుంజుకోండ్రి!"

నానమ్మ నవ్వింది. ఆ ఎండాకాలంలో ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

"గట్ల గాదురా. మంచిగున్నది అంటాండు."

"నీకెట్ల తెలుసు? నిన్న గదే మాట, మొన్న గదే మాట!"

"మాట గదే. అనుడు వేరు."

నాకు ఏ తేడా వినపడలేదు. మంచిగుందన్నాడా, అంచు కోసేశారే అన్నాడా, నీళ్లు కావాలన్నాడా? నేను వాకిట్లోకి వెళ్లి గోలీ వెతుక్కున్నాను. దొరకలేదు.

వానలు పడేసరికి తాత వీపు మీద చార మాయమైంది. సిస్టరమ్మ వచ్చి చూసి, "ఇప్పుడు మంచిగ గుంజుతాన్నవ్ రా," అని నా వీపు తట్టింది. నేను మొదటినుంచీ గుంజుతున్నంతే గుంజుతున్నానని చెప్పబోయాను. నానమ్మ వద్దని సైగ చేసింది. తాత ఆ తరువాత కూడా చాలాకాలం ఉన్నాడు. ఆ ఒక్క మాటే అంటూ ఉన్నాడు. అన్నం పెట్టినా అదే, ఫ్యాను ఆపినా అదే, నేను పరీక్ష పాసయ్యానని చెప్పినా అదే. నానమ్మ ప్రతిసారీ తిరిగి జవాబు చెప్పేది, ఆయన ఏదో పూర్తి వాక్యం అన్నట్టు. ఆ జవాబులు సరైనవేనా అని నేను ఆమెను అడగలేదు. అడగడానికి ఇప్పుడు ఆమె కూడా లేదు.

దుకాణం షట్టరు ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్మేవాళ్లకు అద్దెకిచ్చాం. పక్క గల్లీలో చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ తలెత్తి చూడలేదు. మొన్న ఆదివారం ఆ క్యాబేజీ లాంటి దుప్పటిని చేతిలో పట్టుకునే బాపుకు ఫోను చేశాను. నానమ్మ కోసి కుట్టించిన చద్దరు ఒక్కటైనా పెట్టెలో ఉందా అని అడిగాను.

"ఏడున్నయిరా గవి? చినిగిపోతె చింపి బండి తుడిచిన," అన్నాడు బాపు. "మస్తు పీల్చుతుండె నీళ్లు."

ఫోను పెట్టేసి కత్తెర తీసుకున్నాను. ఎలాస్టిక్ ఒక్కటే కదా అడ్డం, అది తీసేస్తే మామూలు దుప్పటి అవుతుందనుకున్నాను. చుట్టూ కుట్టు విప్పి తాడులా లాగేశాను. మంచం మీద పరిచాను. కాలేదు. ఎలాస్టిక్ దాచిపెట్టిన విషయం ఏమిటంటే, అసలది నలుచదరపు గుడ్డే కాదు. నాలుగు మూలలూ ముందే కోసి సంచుల్లా కుట్టారు. వాటిని కూడా విప్పితే మూలల్లో నాలుగు ఖాళీలు. ఒక పక్క లాగితే ఇంకో పక్క చాలదు. చుట్టూ పోగులు వేలాడుతున్నాయి. ఎర్రదారం గుర్తు వేద్దామన్నా దానికి మూలే లేదు.

గుంజాను. నాకు వచ్చిన విద్యంతా పెట్టి గుంజాను. పరుపు కింద దోపాను. తరువాత, ఎలా ఉందో పైనుంచి చూస్తే తెలియదు కాబట్టి, దాని మీద వెల్లకిలా పడుకున్నాను. వీపు కింద ఏమీ లేదు. నా ఎడమ చెయ్యి దానంతటదే పక్కకు పోయి, కొస వెతికి, వేళ్ల మధ్య పట్టుకుంది. పోగులు చేతిలోకి ఊడి వచ్చాయి.

నా భార్య తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నేలమీది ఎలాస్టిక్ తాడునూ నన్నూ చూసింది.

"ఏమైంది? మంచిగున్నదా, లేదా?"

"అంచు," అన్నాను.

"అంటే?"

చెప్పడానికి నోరు తెరిచాను. మగ్గాల దగ్గర మొదలుపెట్టాలా, వీపు మీద చార దగ్గరా, కిటికీలోంచి పోయిన గోలీ దగ్గరా? ఆమె ఎదురుచూస్తోంది. మళ్లీ అదే మాట అన్నాను.